ఖాళీ మైదానానికి ప్రపంచ వారసత్వ హోదా ఏంటండీ? (క్లద్రుబీ గుర్రాల ఎస్టేటు)

ప్రాగ్_పంతులు
పోయిన శనివారం అత్తగారు, మామగారు, పిల్లలిద్దరితో కలిసి క్లద్రుబీ నద్ లబెం అనే ఊరికి పోయి వచ్చాం. చెక్ దేశ రాజధాని ప్రాగ్ నుంచి తూర్పుకి దాదాపు 90 కిలోమీటర్లు. యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలం, గుర్రాల ఎస్టేటు, పిల్లలు సంబరపడతారు అని నేనే ఊదరగొట్టి బయల్దేరదీశాను. తీరా పోతే ఏముందయ్యా అంటే చదును నేల. కనుచూపు మేర గడ్డి, తెల్ల కంచెలు, వరసగా చెట్లు, చెట్ల మధ్య తిన్నగా రోడ్లు. ఓ చిన్న కోట ఉంది, దాన్ని కోట అనడానికి మొహమాటపడాలి, మన వైపు పెద్ద జమీందారు ఇల్లు అంత ఉంటుంది. ఒక చర్చి. లాయాలు శుభ్రంగా ఉన్నాయి, గుర్రాలు బాగున్నాయి, అది ఒప్పుకుంటా.

మామగారిది హిందూపురం. లేపాక్షి బసవన్న వీపు మీద ఆడుకుంటూ పెరిగిన మనిషి. మధ్యాహ్నం దాకా ఏమీ అనలేదు, కారెక్కాక ఒక్కటే మాట అడిగారు. "అల్లుడూ, లేపాక్షి ఇంకా తాత్కాలిక జాబితాలోనే ఉందంటున్నావు, ఈ గడ్డినేలకి అసలు హోదా ఇచ్చేశారా?" నా దగ్గర జవాబు లేదు. రామప్పకి 2021 దాకా ఆగాల్సి వచ్చింది, దీనికి 2019లోనే ఇచ్చేశారట. ఇందులో ఏముందో తెలిసినవాళ్ళు చెప్పండి, వచ్చే నెల దాకా మామగారు ఇక్కడే ఉంటారు, నా పరువు మీ చేతుల్లో ఉంది.

బెజవాడ_బ్యాచిలర్
యూరప్ వాడి ఇంటి వెనక చెత్తకుండీకి కూడా ఇస్తారు బాస్. అయిపోయింది, చర్చ ముగించండి.

గోదారి_గట్టు
పైన బ్యాచిలర్ గారూ, మీరు పెళ్ళి చేసుకుని మామగారితో కారులో 90 కిలోమీటర్లు వెనక్కి వచ్చాక మాట్లాడండి.

మ్యాప్_పిచ్చోడు
పంతులు గారూ, మీరు నేల మీద నిలబడి చూశారు, అదే వచ్చింది చిక్కు. ఫోన్‌లో శాటిలైట్ మ్యాప్ తీసి పైనుంచి చూడండి. కోట, చర్చి, పెద్ద లాయాలు ఉన్న ముంగిలి నుంచి రోడ్లు గీత గీసినట్టు పోతాయి. ఫ్రాంటిష్కోవ్, యోసెఫోవ్, సెల్మిత్సె అని చుట్టూ చిన్న చిన్న పశువుల పాలెం లాంటి కట్టడాలు ఉన్నాయి, ఆ రోడ్లు వాటిని కలుపుతాయి. మధ్యలో మేత పొలాలు, గడ్డి కోసే పొలాలు, కాలువలు, ఒక అడవి. వాటిలో ఏదీ తనంతట తాను ఏర్పడింది కాదు. ఎక్కడ చెట్లుండాలి, ఎక్కడ ఉండకూడదు, గుర్రం ఎక్కడ మలుపు తిరగాలి, అంతా ఎవరో కూర్చుని అనుకున్నదే.

హోదా ఇచ్చింది కోటకి కాదు, గుర్రానికీ కాదు. ఆ 1,310 హెక్టార్ల నేలకి. యునెస్కో జాబితాలో దాని పేరే "వేడుకల బండి గుర్రాల పెంపకానికీ శిక్షణకీ ఏర్పరిచిన భూదృశ్యం" అన్న అర్థంలో ఉంటుంది. మీరు ఖాళీ అనుకున్నదే అసలు సరుకు.

ప్రాగ్_పంతులు
1,310 హెక్టార్లంటే మూడువేల ఎకరాల పైన కదా. మామగారికి ఎకరాల్లో చెబితే కొంచెం మెత్తబడతారు.

మ్యాప్_పిచ్చోడు
దాదాపు 3,240 ఎకరాలు. దాని చుట్టూ అంతకు రెట్టింపు పైన రక్షిత మండలం. 2019 జూలైలో బాకూలో జరిగిన యునెస్కో సమావేశంలో ఇచ్చారు, అదే సమావేశంలో మన జైపూర్‌కి కూడా వచ్చింది. కాబట్టి "మనకి ఇవ్వకుండా వాళ్ళకి ఇచ్చారు" అన్న మాట పూర్తిగా నిలబడదు.

శాసనాల_శర్మ
పాత సంగతి కొంచెం చెబుతాను. ఆ ప్రాంతం మొదట పెర్న్‌స్టైన్ అనే పెద్ద దొరల కుటుంబానిది. పార్దుబిత్సె ఎస్టేటు అంతా వాళ్ళదే, అక్కడ వాళ్ళకి గుర్రాలూ ఉండేవి. 1560లో ఆ ఎస్టేటు అప్పట్లో ఆ దేశాన్ని ఏలుతున్న ఆస్ట్రియా హాబ్స్‌బర్గ్ రాజవంశం చేతికి వచ్చింది. 1579లో రెండో రుడాల్ఫ్ చక్రవర్తి దాన్ని రాచ లాయంగా, అంటే సామ్రాజ్యపు గుర్రాల పెంపకం స్థలంగా ప్రకటించాడు. ఈ రుడాల్ఫ్ చిన్నప్పుడు కొన్నేళ్ళు స్పెయిన్ ఆస్థానంలో పెరిగాడు. అక్కడి పద్ధతులు, అక్కడి గుర్రాల మీద మోజు వెంట వచ్చాయి. స్పెయిన్, ఇటలీ గుర్రాల రక్తంతో క్లద్రుబీలో తయారైంది క్లద్రుబ్ జాతి. ముక్కు గమనించారా? కళ్ళ కింద నుంచి ముట్టె దాకా బయటికి వంపు తిరిగి ఉంటుంది, చిలక ముక్కులాగా.

ఆ గుర్రం పని యుద్ధం కాదు, పందెం కాదు. చక్రవర్తి బండి లాగడం. నాలుగు, ఆరు గుర్రాలు ఒకే రంగు, ఒకే ఎత్తు, ఒకే అడుగు. మోకాళ్ళు పైకెత్తి నెమ్మదిగా, దర్జాగా నడవాలి. వేగం అక్కర్లేదు. వేగంగా పోతే రాజుగారిని జనం చూసేదెట్లా?

బెజవాడ_బ్యాచిలర్
అంటే పెళ్ళి ఊరేగింపు గుర్రం. సరే.

శాసనాల_శర్మ
ఎగతాళికే అన్నారు గానీ పెద్ద తప్పు లేదు. తెల్లవి చక్రవర్తి వేడుకలకి. నల్లవి పెద్ద మతాధికారుల బళ్ళకి, అంత్యక్రియల ఊరేగింపులకి.

కరీంనగర్_కవిత
అయితే పెళ్ళికొకటి, చావుకొకటి. ఇప్పుడు అర్థమైంది నాకు.

డాక్టర్_పశువులు
నేను పశువైద్యుణ్ణి, గుర్రాలతో పనిచేసింది తక్కువే, గేదెలే ఎక్కువ. కానీ పంతులు గారి "చదును నేల" మాట మీద ఒకటి చెప్పాలి. బండి గుర్రానికి శిక్షణ ఇవ్వాలంటే తిన్నటి, పొడవైన, చదునైన దారి కావాలి. గుర్రాలు నాలుగు కలిసి ఒకే లయలో అడుగు వేయడం నేర్చుకునేది అట్లాంటి చోటే. మలుపులు, గుట్టలు ఉంటే ఒకటి ముందు పడుతుంది, ఒకటి వెనక పడుతుంది. దారికి రెండు వైపులా చెట్లుంటే నీడా ఉంటుంది, గుర్రం చూపు పక్కకి పోకుండా కూడా ఉంటుంది. ఆ చెట్ల వరస అందానికి అనుకున్నారు మీరు, అది పనిముట్టు.

ఇంకోటి. ఆ నేల ఎల్బె నది పక్కన ఇసుక నేల. ఎల్బెనే వాళ్ళు లబె అంటారు, ఊరి పేరులో ఉన్నది అదే. పంటకి పెద్ద గొప్ప నేల కాదు. గడ్డి మాత్రం నీళ్ళు పెడితే వస్తుంది. అందుకే కాలువలు. పిల్ల గుర్రాలు మందగా ఆరుబయట పరుగెత్తుతూ పెరగాలి. అప్పుడే కాళ్ళు, ఊపిరి గట్టిపడతాయి. ఈ జాతి నెమ్మదిగా ఎదుగుతుంది, తొందరపెడితే పాడవుతుంది. లాయంలో కట్టేసి దాణా పెడితే బరువు వస్తుంది గానీ గుర్రం రాదు.

గోదారి_గట్టు
కాలువ అన్నారు కాబట్టి నేనొస్తా. అక్కడి కాలువ పెర్న్‌స్టైన్ వాళ్ళ కాలం నాటిది అని చదివాను, నదిలోంచి నీళ్ళు తీసుకుని పచ్చికలకి పారించేది. తూములు ఎత్తి దించి పొలానికి నీళ్ళు వదిలే పని మా తాత చేసేవాడు, లస్కరు ఉద్యోగం. అందుకని ఫొటోల్లో ఆ తలుపులు చూస్తే మనసు అదోలా అయింది. గుర్రాల గురించి అందరూ మాట్లాడతారు, తూము తిప్పినవాడి గురించి ఎవరూ మాట్లాడరు.

పోతే మా ఊరి కాలువలో గుర్రం లేదు గానీ గుర్రపుడెక్క మాత్రం నిండా ఉంది. యునెస్కో వాళ్ళు వస్తే చూపిస్తాం.

కరీంనగర్_కవిత
😂😂 ఈ ఒక్క మాట కోసం ఈ థ్రెడ్ చదువుకోవచ్చు.

ఎర్ర_ఎల్లయ్య
అందరూ అబ్బో అంటున్నారు గానీ నేను వేరే అడుగుతా. చక్రవర్తి ఊరేగడానికి మూడువేల ఎకరాలు. అదే నేలలో ఎంతమంది బతకొచ్చు? మన దగ్గర దొర గడీ ముందు నుంచి పోతే చెప్పులు చేతిలో పట్టుకుని నడిచిన వాళ్ళు ఇంకా బతికే ఉన్నారు. దొర దర్పాన్ని వారసత్వం అని పేరు మార్చి టికెట్ పెడితే మనం పోయి సెల్ఫీ దిగాలా? గుర్రం మంచిదే, గుర్రం మీద నాకు కోపం లేదు.

శాసనాల_శర్మ
ఎల్లయ్య గారూ, రామప్ప గుడి కట్టించింది ఎవరు? కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు, 1213లో. అదీ దర్పమే కదా. కాకపోతే గుడిని మనం శిల్పి పేరుతో పిలుచుకుంటున్నాం. అట్లా క్లద్రుబీలో కూడా సాహిణుల పేర్లు వెతకాలి అంటే ఒప్పుకుంటాను. వద్దే వద్దు అంటే ఒప్పుకోను.

ఎర్ర_ఎల్లయ్య
సాహిణి అంటే?

శాసనాల_శర్మ
గుర్రాలని చూసుకునే అధికారి. కాకతీయుల కాలంలో పేర్ల చివర బిరుదులాగా కనిపిస్తుంది.

ఎర్ర_ఎల్లయ్య
అధికారి పేరు శాసనంలో ఉంటది సార్. పేడ ఎత్తినోడి పేరు ఉండదు. నేనడిగేది వాని గురించి.

గోదారి_గట్టు
ఈ పాయింటు ఎల్లయ్యన్నది. తూము తిప్పిన మా తాతని కూడా ఆ లెక్కలో కలుపుకో అన్నా.

ప్రేగ్లో_పెరుగన్నం
నేను పార్దుబిత్సెలో నాలుగేళ్ళు ఉన్నాను, ఉద్యోగం మీద. ఎల్లయ్య గారు అడిగింది అక్కడివాళ్ళు కూడా అడిగారు, వంద సంవత్సరాల క్రితమే. 1918లో సామ్రాజ్యం కూలి చెకొస్లొవేకియా ఏర్పడ్డాక ఈ గుర్రాలని చూస్తే జనానికి హాబ్స్‌బర్గ్ వాళ్ళే గుర్తొచ్చేవారు. ప్రజాస్వామ్యంలో చక్రవర్తి బండి గుర్రం దేనికి అన్నారు. తెల్ల మంద ఎట్లాగో నిలబడింది. నల్ల మందని మాత్రం అమ్మేశారు, చాలా వాటిని కోతకి పంపారు. నల్ల క్లద్రుబ్ దాదాపు లేకుండా పోయింది.

తర్వాత 1938లో ఫ్రాంటిషెక్ బీలెక్ అనే ప్రొఫెసర్ మిగిలిన కొద్దిపాటి నల్లవాటిని ఏరి మళ్ళీ మొదలుపెట్టాడు. యుద్ధం అయ్యాక ఆ పని స్లాతిన్యానీ అనే ఊరికి మారింది. క్రూదిం పక్కన ఉంటుంది. ఇప్పటికీ తెల్లవి క్లద్రుబీలో, నల్లవి స్లాతిన్యానీలో. రెండు చోట్లా కలిపి సుమారు 500 గుర్రాలు ఉంటాయి.

అంటే దర్పం మీద కోపం గుర్రం మీద తీర్చుకుంటే ఏమవుతుందో వాళ్ళు చేసి చూశారు. తర్వాత పశ్చాత్తాపపడి ఇరవై ముప్పై ఏళ్ళు కష్టపడ్డారు.

ఎర్ర_ఎల్లయ్య
నేను గుర్రాన్ని కోయమనలేదు అక్కా. గుర్రం మీద కోపం లేదని ముందే రాసిన.

ప్రేగ్లో_పెరుగన్నం
రాశారు తమ్ముడూ, చూశాను. అప్పట్లో వాళ్ళూ అట్లాగే అనుకుని ఉంటారు.

డాక్టర్_పశువులు
బీలెక్ పని ఎంత కష్టమో బయటివాళ్ళకి తెలియదు. మంద చిన్నదైతే దగ్గర చుట్టరికాలే మిగులుతాయి. బయటి రక్తం తేవాలి, తెస్తే జాతి లక్షణం చెదురుతుంది. అందుకే తర్వాత ఫ్రీసియన్ జాతి నుంచి రొమ్కె అనే మగగుర్రాన్ని తెచ్చారు, దాని పేరున నల్లవాటిలో ఒక వంశం నడుస్తోంది. పోర్చుగల్ లూసిటానో నుంచి రుడాల్ఫో వంశం వచ్చింది. పాత వంశాలు జెనరాలె, సక్రమోసో, ఫవోరీ లాంటివి. మగగుర్రం పేరు పెట్టేటప్పుడు ముందు వంశం పేరు, తర్వాత తల్లి పేరు వస్తాయి.

కరీంనగర్_కవిత
ముందు ఇంటిపేరు, తర్వాత అమ్మ పేరు. మన దగ్గర కాలేజీ ఫారంలో అమ్మ పేరు కాలం పెట్టించడానికే ఎన్నేళ్ళు పట్టింది? గుర్రాలు మనకన్నా ముందున్నాయి.

సైలెంట్_రీడర్_77
మొదటిసారి రాస్తున్నా. ఒక అనుమానం. 1579 నుంచి ఎడతెగకుండా నడుస్తోంది అని అన్ని చోట్లా రాస్తారు. కానీ 1757లో ఏడేళ్ళ యుద్ధం టైంలో అక్కడ పెద్ద మంట వచ్చి లాయాలు, గుర్రాల వంశావళి పుస్తకాలు అన్నీ కాలిపోయాయి. గుర్రాలని ముందే వేరే చోటికి తరలించారు, ఇప్పటి స్లొవేకియాలోని కోప్చానీ వైపు. 1770 ప్రాంతంలో గానీ తిరిగి రాలేదు. మధ్యలో పదేళ్ళ పైన ఆ నేల మీద ఆ గుర్రాలు లేవు. పుస్తకాలు లేవు. మరి ఎడతెగకుండా ఎట్లా?

మ్యాప్_పిచ్చోడు
మంచి ప్రశ్న. మొదటి పోస్టుకే ఇంత బలం ఉంటే ఇన్నాళ్ళు ఎందుకు సైలెంట్?

నా జవాబు: నేల పని మారలేదు. గుర్రాలు పోయి మళ్ళీ అక్కడికే వచ్చాయి, ఆ నేలని ఎవరూ మరో పనికి పంచెయ్యలేదు. తిరిగి వచ్చాకే ఇప్పుడు మనం చూసే రూపం చాలా మటుకు వచ్చింది, లాయాలు మళ్ళీ కట్టారు, రోడ్లు, చెట్ల వరసలు దిద్దారు. తర్వాత కాలంలో ఇంగ్లీషు తోటల పద్ధతిలో పచ్చిక మధ్యలో ఒంటరి చెట్లు వదిలారు. కాబట్టి అక్కడ రెండు పద్ధతులు కలిసి ఉంటాయి. ఒకటి స్కేలు పెట్టి గీసినట్టుండేది, ఇంకోటి "నేను సహజంగా పెరిగాను" అని నటించేది.

సైలెంట్_రీడర్_77
నేల పని మారలేదు అన్నది ఒప్పుకుంటా. గుర్రాల వంశం మాత్రం 1757కి ముందు చీకటే.

శాసనాల_శర్మ
చీకటే. వంశావళి కాలిపోయిన ఇంట్లో పుట్టినవాడు ఆ ఇంటివాడు కాకుండా పోతాడా అన్నది వేరే ప్రశ్న.

బెంగళూర్_బాబాయ్
మన దగ్గర అట్లాంటిదే ఒకటి ఉంది కదా, కుణిగల్. బెంగళూరు నుంచి 70 కిలోమీటర్లు, తుమకూరు జిల్లా. టిప్పు సుల్తాన్ అశ్వదళానికి అక్కడ గుర్రాలు పెంచేవారు, తర్వాత ఇంగ్లీషు సైన్యానికి, తర్వాత పందెం గుర్రాలు. 400 ఎకరాల పైనే ఉంటుంది, పాత రాతి లాయాలు, పెద్ద పెద్ద చెట్లు. ఆ భూమి మీద ఎవరో ఒకరి కన్ను పడుతూనే ఉంటుంది. బెంగళూరు పక్కన 400 ఎకరాల ఖాళీ నేల అంటే రియల్ ఎస్టేట్ వాడికి నిద్ర పడుతుందా? పంతులు గారి "ఖాళీ మైదానం" అన్న మాట చదివి నాకు ఒళ్ళు జలదరించింది. మన దగ్గర నేలని ఖాళీ అన్నామంటే తర్వాత వచ్చేది లేఅవుటు రాళ్ళే.

ప్రాగ్_పంతులు
బాబాయ్, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. టైటిల్ మార్చడానికి ఈ సైటులో కుదరడం లేదు.

బెజవాడ_బ్యాచిలర్
మన రాజులకి ఇట్లాంటి గుర్రాల ఎస్టేట్లు ఎందుకు లేవు మరి? కాకతీయులకీ రాయలకీ అశ్వదళం ఉందిగా.

శాసనాల_శర్మ
దక్కనులో మేలుజాతి గుర్రం సరిగా ఎదగదు, వాతావరణం, గడ్డి పడవు. అందుకే సముద్రం మీద తెప్పించుకున్నారు. విజయనగరం రాజు ఏటా 13,000 గుర్రాలు కొనేవాడని పోర్చుగీసు గుర్రాల వ్యాపారి నూనిజ్ రాశాడు. రాయలవారు కూడా ఏనుగులు, గుర్రాలు తెచ్చే దూరదేశపు వ్యాపారులని మంచి ధర ఇచ్చి, మర్యాద చేసి మనవాళ్ళని చేసుకో, లేకపోతే ఆ గుర్రాలు శత్రువుకి పోతాయి అని తన కావ్యంలోనే హెచ్చరించాడు. వాళ్ళకి రేవు చాలు, మేత నేల అక్కర్లేకపోయింది. హాబ్స్‌బర్గ్ వాళ్ళు స్పెయిన్ గుర్రాన్ని తెచ్చి ఇంట్లోనే తయారు చేసుకున్నారు. దానికి నేలా, నీళ్ళూ, తరాల తరబడి ఓపికా కావాల్సి వచ్చింది. తేడా అక్కడే ఉంది.

డాక్టర్_పశువులు
శర్మ గారూ, ఎదగదు అని ఒక్క ముక్కలో తేల్చేయకండి. భీమా ఒడ్డున పెరిగిన దక్కనీ గుర్రాలు చిన్నవే గానీ మరాఠాల సైన్యాన్ని మోశాయి. పెద్ద ఒడ్డూ పొడుగూ ఉన్న యుద్ధ గుర్రం ఎదగదు అనండి, సరిపోతుంది.

శాసనాల_శర్మ
సరే, దిద్దుకుంటున్నాను.

లిపిజ్జా_లక్ష్మి
వియన్నాలో నాట్యం చేసే తెల్ల గుర్రాలు ఇవేనా? మేం చూశాం, టికెట్ చాలా ఎక్కువ.

ప్రేగ్లో_పెరుగన్నం
కాదు. అవి లిపిజ్జా గుర్రాలు, మీ పేరులోనే ఉంది. ఇప్పటి స్లొవేనియాలో లిపిత్సా అనే ఊళ్ళో 1580లో మొదలైంది, క్లద్రుబీ తర్వాత ఏడాదికి. బంధువులే, అక్కడా అదే హాబ్స్‌బర్గ్ కుటుంబం, అవే స్పెయిన్ గుర్రాలు. లిపిజ్జా స్వారీకి, విన్యాసానికి. క్లద్రుబ్ బండికి, ఇది ఇంకా ఎత్తు, ఇంకా గట్టిది. యునెస్కోలో కూడా తేడా ఉంది. లిపిజ్జా పెంపకాన్ని 2022లో అమూర్త వారసత్వం కింద చేర్చారు, అంటే మనుషుల చేతిలో ఉన్న విద్యగా. క్లద్రుబీది స్థలం.

అన్నట్టు ఇప్పటికీ డెన్మార్క్ రాజకుటుంబం బళ్ళకి తెల్ల క్లద్రుబ్ గుర్రాలే కడతారు. చెక్ దేశంలో రాజు లేడు గానీ రాజు గుర్రం ఉంది.

ఎర్ర_ఎల్లయ్య
రాజు పోయి గుర్రం మిగలడం నాకు నచ్చింది.

కరీంనగర్_కవిత
పంతులన్నా, పిల్లలకి నచ్చిందా? ఆ సంగతే చెప్పలేదు.

ప్రాగ్_పంతులు
చిన్నదానికి ఒక పెద్ద అనుమానం వచ్చింది. తల్లి గుర్రం తెల్లగా ఉంది, పక్కన పాలు తాగే పిల్ల బొగ్గుముక్కలాగా ఉంది. "నాన్నా, ఇది వేరేవాళ్ళ పిల్ల" అని గోల. నేనూ అట్లాగే అనుకున్నా నిజం చెప్పాలంటే.

డాక్టర్_పశువులు
దాని పిల్లే. తెల్ల గుర్రాలు పుట్టేటప్పుడు నల్లగానో గోధుమరంగుగానో పుడతాయి, ఏళ్ళు గడిచేకొద్దీ వెంట్రుక నెరిసి తెల్లబడతాయి. చర్మం నల్లగానే ఉంటుంది, ముట్టె దగ్గర చూస్తే తెలుస్తుంది. మన తల నెరిసినట్టే అనుకోండి, కాకపోతే వాటికి చిన్నప్పుడే మొదలవుతుంది.

బెజవాడ_బ్యాచిలర్
నాకూ చిన్నప్పుడే మొదలైంది డాక్టర్ గారూ, నేను ఏ జాతి?

గోదారి_గట్టు
నీకు సంబంధాలు ఎందుకు కుదరట్లేదో ఇప్పుడు తెలిసింది.

నల్లమల_నడక
ఆలస్యంగా వచ్చాను. నేను నాలుగేళ్ళ క్రితం ఒంటరిగా పోయాను అక్కడికి, సెప్టెంబరులో. పంతులు గారిలాగే మొదటి గంట విసుగొచ్చింది. లాయం టూర్ అయ్యాక తిరుగుబస్సుకి ఇంకా టైం ఉందని చెట్ల రోడ్డు మీద నడుస్తూ పోయాను. ఎవరూ లేరు. వెనక నుంచి చప్పుడు వినిపించింది. ముందు ఏదో పడుతున్నట్టు, తర్వాత లయగా. పక్కకి తప్పుకున్నా. నాలుగు తెల్ల గుర్రాల బండి, బండి మీద మామూలు పని బట్టల్లో ఇద్దరు, శిక్షణ ఇస్తున్నారు. వాళ్ళు నన్ను చూసి తలూపి పోయారు. అలంకారం లేదు, బ్యాండు మేళం లేదు. ఎనిమిది ముంగాళ్ళు ఒకేలా లేస్తున్నాయి. అవి దూరం పోయి చుక్కంత అయ్యేదాకా కనిపిస్తూనే ఉన్నాయి, ఎందుకంటే రోడ్డు తిన్నగా ఉంది, నేల చదునుగా ఉంది. అప్పుడు అర్థమైంది ఆ రోడ్డు ఎందుకు అట్లా ఉందో.

బస్సు తప్పిపోయింది. ప్ర్షెలౌచ్ స్టేషన్ దాకా టాక్సీకి బాగా వదిలింది.

మ్యాప్_పిచ్చోడు
నేను పేజీలు రాసినా చెప్పలేకపోయింది ఇదే.

ప్రాగ్_పంతులు
మేం టూర్ అయిపోగానే బయటపడ్డాం. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, పిల్లలకి ఆకలి, పులిహోర డబ్బా కారులో ఉంది. రోడ్డు మీద నడవలేదు.

బెంగళూర్_బాబాయ్
పులిహోర కారణంగా యునెస్కో ఓడిపోయింది.

సైలెంట్_రీడర్_77
ఖర్చు సంగతి ఎవరైనా చెప్పారా? అంత నేల, 500 గుర్రాలు, రోజూ మేత, మనుషులు. గుర్రం గుడ్డిదైనా దాణాకి తక్కువ లేదంటారు కదా.

ప్రేగ్లో_పెరుగన్నం
జాతీయ అశ్వశాల ప్రభుత్వానిది. గుర్రాల అమ్మకం, టికెట్లు, ప్రభుత్వ డబ్బు కలిసి నడుస్తుంది. లాయాలు బాగా పాతబడిపోతే యూరోపియన్ యూనియన్ నిధులతో పెద్ద మరమ్మతులు చేశారు, 2019కి ముందే. గుర్రాల జాతిని 1995లోనే జాతీయ సాంస్కృతిక స్మారకంగా ప్రకటించారు. గుర్తుపెట్టుకోండి, కట్టడాన్ని కాదు, మందని. ప్రాణం ఉన్నదాన్ని స్మారకం అనడం నాకు భలే నచ్చింది. ఎస్టేటుకి ఆ గౌరవం 2002లో వచ్చింది.

ఎర్ర_ఎల్లయ్య
మా పుంగనూరు ఆవుకి ఎవరిస్తరు అట్లాంటిది? అది కూడా లేకుండా పోయే దాకా వచ్చిందే కదా.

డాక్టర్_పశువులు
ఎల్లయ్య గారూ, ఇది మాత్రం వేరే థ్రెడ్ పెట్టండి, నేను రెండు పేజీలు రాస్తా. పుంగనూరు జాతి మిగలాలంటే ఆవు ఒక్కటే మిగిలితే చాలదు, అది మేసిన బీడు కూడా మిగలాలి. ఇళ్ళల్లో ముద్దు కోసం పెంచుతున్నారు ఇప్పుడు, అది వేరే కథ.

మోడరేటర్_మావయ్య
పుంగనూరు చర్చ "పశువులు-పాడి" విభాగంలోకి మార్చాను. ఇక్కడ గుర్రాలే మాట్లాడండి. బ్యాచిలర్ గారి పెళ్ళి గురించి రాసినవి తొలగించడం లేదు, సరదాగా ఉన్నాయి.

ప్రాగ్_పంతులు
అప్‌డేట్. నిన్న రాత్రి భోజనాలయ్యాక ఈ థ్రెడ్ మొత్తం మామగారికి చదివి వినిపించాను. మూడువేల ఎకరాల దగ్గర "ఊ" అన్నారు. తూముల దగ్గర "ఊ" అన్నారు. నల్ల గుర్రాలని కోతకి పంపిన దగ్గర మాట్లాడలేదు. నడక గారి పోస్టు రెండోసారి చదవమన్నారు. లేపాక్షి మాట మాత్రం వదల్లేదు. "అది ఇవ్వాలి, ఇది ఇవ్వకూడదని నేనన్లేదు" అన్నారు. అన్నారు, కారులో అన్నారు, నేను విన్నాను, కానీ ఇప్పుడు ఎవరు వాదిస్తారు?

చివరికి రెండు ప్రశ్నలు అడిగారు. ఒకటి, పొద్దున మందని మేతకి వదిలేది ఎన్నింటికి? రెండు, ఆ గుర్రాలకి ఉలవ గుగ్గిళ్ళు పెడతారా, లేదా?

డాక్టర్_పశువులు
అక్కడ ఓట్స్, ఎండుగడ్డి. ఉలవలు దొరకవు.

ప్రాగ్_పంతులు
చెప్పాను. "ఓట్సా? నువ్వు పొద్దున తినేదేగా" అన్నారు.

ప్రేగ్లో_పెరుగన్నం
మేత టైము ఋతువుని బట్టి మారుతుంది, పోయే ముందు ఫోన్ చేసి కనుక్కోండి. నేను పోయినప్పుడు పెందలాడే వదిలారు. ఆడగుర్రాలు, పిల్లలు కలిసి లాయంలోంచి బయటికొస్తాయి. ముందురోజే పోయి పార్దుబిత్సెలో పడుకోండి. అక్టోబరు రెండో ఆదివారం మాత్రం పెట్టుకోకండి, వెల్కా పార్దుబిత్స్కా అనే గుర్రప్పందెం ఉంటుంది, 1874 నుంచి జరుగుతోంది, ఆ రోజు ఊళ్ళో రూములు దొరకవు.

బెజవాడ_బ్యాచిలర్
పందెమా? ఎంత కట్టొచ్చు?

ప్రాగ్_పంతులు
మామగారు థ్రెడ్ చదువుతున్నారు బ్యాచిలర్ గారూ. ఆ మాట ఎత్తకండి. శుక్రవారం సాయంత్రం బయల్దేరుతున్నాం, ఈసారి పులిహోర నా బ్యాగులోనే పెట్టుకుంటున్నా.